బొగ్గు గీత, పట్టు పోగు

పఠాన్‌కోట్‌లో బస్సెక్కితే చంబాకి సుమారు 120 కిలోమీటర్లు. మైదానంలో అయితే రెండు గంటల ప్రయాణం, ఇక్కడ సగం రోజు పోతుంది. బనీఖేత్ దాటాక బస్సు లోయలోకి దిగడం మొదలుపెడుతుంది. అడుగున రావి నది. మీరు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. మలుపులు ఆగినా కడుపులో తిప్పుడు ఆగలేదు. ఊరి నడుమ చౌగాన్ అనే పచ్చిక మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. దాని పక్కనుంచి రాతిమెట్ల సందు పట్టుకుని పైకి నడవండి. పాత ఇంటి మేడమీద ఒక తలుపు తీసే ఉంది. చెప్పులు బయట వదలండి.

గదిలో కుర్చీలు లేవు. నేలమీద జంపఖానా, కిటికీకి దగ్గరగా నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఒళ్ళో తెల్లగుడ్డలు. మాటలు సాగుతున్నాయి గానీ తలలు లేవడం లేదు. అవతలి మూల ఒక పెద్దాయన చెక్కపలక మీద పలచటి నూలుగుడ్డ బిగించి కూర్చున్నాడు. అందరూ ఆయన్ని మాస్టర్‌జీ అంటున్నారు. ఆయన చిత్రకారుడు, సూది పట్టడు. ఆడవాళ్ళలో పెద్దామెను దీదీ అంటున్నారు. ఆమె కుంచె పట్టదు. ఈ గదిలో తయారయ్యే వస్తువుకి మాత్రం ఇద్దరూ కావాలి.

ఆ వస్తువు చంబా రుమాలు. పెళ్ళిళ్ళలో ఇచ్చిపుచ్చుకునే కానుకల పళ్ళెం మీద, దేవుడికి పెట్టే నైవేద్యం మీద కప్పే చదరపు గుడ్డ. 18వ శతాబ్దంలో ఈ చిన్న కొండ రాజ్యం చిత్రకారులతో కళకళలాడింది. 1748 నుంచి 1764 దాకా ఏలిన ఉమేద్‌సింగ్ ఇక్కడ రంగ్‌మహల్ కట్టడం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు రాజ్‌సింగ్ కొలువులో గులేర్ చిత్రకారుడు నైన్‌సుఖ్ కొడుకు నిక్కా పనిచేశాడు. కాగితం మీద కృష్ణుణ్ణి గీసిన చేతులే గుడ్డ మీదా గీశాయి. గీసిన గుడ్డ అంతఃపురానికి వెళ్ళేది, అక్కడ ఆడవాళ్ళు దాన్ని పట్టుదారంతో నింపేవాళ్ళు. ఇవాళ సమకాలీన కళ అనే పేరుతో కుంచెనీ సూదినీ ఒకే గుడ్డ మీదకి తెస్తున్నవాళ్ళు కొత్త దారి తొక్కుతున్నామని చెప్పుకోవచ్చు గానీ, ఈ మెట్ల సందులో ఆ దారి ఎప్పుడో పడింది.

మాస్టర్‌జీ పక్కన కూర్చోండి. ఆయన వేళ్ళ మధ్య సన్నటి బొగ్గుపుల్ల. ఇవాళ గీస్తున్నది రాసమండలం. ముందు మధ్యలో తామరపువ్వు మీద నాలుగు చేతుల విష్ణువు, ఆ తరవాత చుట్టూ వలయం, వలయంలో కృష్ణుడు, గోపిక, మళ్ళీ కృష్ణుడు, మళ్ళీ గోపిక. కొలబద్ద లేదు. మణికట్టు గుడ్డకి ఆనించి ఒకే విసురులో భుజం నుంచి నడుము దాకా గీత దింపుతాడు. నచ్చకపోతే వేలితో తట్టి దులిపేస్తాడు. బొగ్గుకి ఉన్న గుణం అదే, క్షమిస్తుంది. మీరు శ్రీకాళహస్తిలో కలంకారీ చూసి ఉంటే చింతపుల్లల బొగ్గుతో గుడ్డ మీద తొలి గీత వేయడం గుర్తుకొస్తుంది. అక్కడ ఆ గీత మీదికి కసిం నలుపు, రంగుల ఉడుకు వరసగా వస్తాయి. ఇక్కడ గీత మీదికి వచ్చేది పట్టు.

గీత కుదిరాక ఆయన రంగులు చెబుతాడు. ఈ పావడా పసుపు, ఆ ఓణీ ఎరుపు, కృష్ణుడి ఒళ్ళు నీలం. ఏ ఆకారంలో ఏ రంగు రావాలో నిర్ణయించేది చిత్రకారుడే అని పుస్తకాల్లో ఉంటుంది. దీదీ తల ఊపుతుంది. ఆపైన తన పెట్టె తెరిచి, ఒక పసుపు లడిని కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, పక్కన పెట్టి, ఇంకో పసుపు తీస్తుంది. మాస్టర్‌జీ చూశాడు, ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ దారాన్ని చూడండి. మనం బజార్లో కొనే ఎంబ్రాయిడరీ దారంలా పురిపెట్టింది కాదు. పురి లేని పట్టు. ఒక్కో పోగునీ విడదీసి సూదికెక్కిస్తారు. మీ వేలి కొసకి తాకిస్తే చాలు, చర్మం మీద మీకే తెలియని గరుకులకి పట్టుకుని లేస్తుంది. "చేతులు మెత్తగా ఉంచుకోవాలి, గిన్నెలు తోమిన చేతులతో దీన్ని ముట్టుకోలేం" అంటుంది దీదీ. అని నవ్వుతుంది, గిన్నెలు తోమేది కూడా తనే గనక.

కుట్టు మొదలైంది. మీరు వంగి చూడాలి. ఓణీ ఆకారం ఎడమ అంచు దగ్గర సూది పైకి వచ్చింది, కుడి అంచు దగ్గర కిందికి దిగింది. మామూలు పనిలో అయితే దారం ఆదా కోసం కుడి అంచు పక్కనే కింద ఒక చిన్న టాకా వేసి పైకి వచ్చేస్తారు. అప్పుడు ముందువైపు నిండుగా ఉంటుంది, వెనకవైపు చుక్కలు మిగులుతాయి. దీదీ అలా చేయదు. దారాన్ని గుడ్డ వెనకనుంచి మళ్ళీ ఎడమ అంచు దాకా తీసుకెళ్ళి, మొదటి టాకాని ఆనుకుని పైకి తెస్తుంది. ముందు ఎంత దారం పరుచుకుందో వెనకా అంతే. ముడి వేయదు. మొదట్లో వదిలిన కొసని తరవాతి టాకాల కింద పడుకోబెడుతుంది, చివరి కొసనీ అంతే. ఈ ఓణీ అయ్యాక అవతలి ఓణీలోకి దారం గెంతకూడదు, గెంతితే వెనక కనిపిస్తుంది. కాబట్టి తెంపాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. అయిపోయిన పనిని తిప్పి చూపిస్తుంది. ఏది ముందో ఏది వెనకో మీరు చెప్పలేరు. దోరూఖా అంటారు ఈ పనిని, దోహరా టాంకా అంటారు ఈ కుట్టుని.

చిత్రకారులు ఒప్పుకోవాల్సిన విషయం ఒకటి ఇక్కడ కళ్ళెదుటే ఉంది. దీదీ గుడ్డని కాస్త వంచింది. ఇందాకటి పసుపు పావడా రెండు పసుపులుగా విడిపోయింది, ఒక మడత వెన్నలా, ఇంకో మడత తేనెరంగులో. దారం ఒక్కటే, లడి ఒక్కటే. మడత మారినచోట ఆమె టాకాల దిశ మార్చింది, అంతే. పురి లేని పట్టు మీద పడ్డ వెలుగు పోగు వెంట జారుతుంది, పోగు తిరిగితే వెలుగూ తిరుగుతుంది. కుంచెతో ఈ మడత తేవాలంటే రెండు రంగులు కలపాలి, కలిపినా గోడకి తగిలించాక అది కదలదు. మీరు నాలుగడుగులు పక్కకి నడిస్తే ఈ పావడాలో చీకటి వెలుగులు స్థానాలు మార్చుకుంటాయి. ఇది మాస్టర్‌జీ గీతలో లేదు. సూచించిన రంగులోనూ లేదు.

చివరికి కళ్ళు, ముక్కు. నల్లటి ఒంటి పోగుతో గీత వెంట నడవాలి. గోపిక కంటికొస దగ్గర టాకా నూలుపోగంత కిందికి దిగితే శృంగారం కాస్తా నిద్రమత్తు అవుతుంది. దీదీ ఊపిరి బిగపట్టదు, మాటలు కూడా ఆపదు. మీరే ఊపిరి బిగపట్టారు.

సాయంత్రం కాకముందే కిందికి దిగి భూరీసింగ్ మ్యూజియం చూడండి, చౌగాన్‌కి దగ్గరలోనే. 1908లో మొదలైంది. పాత రుమాళ్ళు అద్దాల వెనక ఉన్నాయి. నిండుగా ఉన్నవాటిని అందరూ చూస్తారు, మీరు మాత్రం చిరిగినవాటి దగ్గర ఆగండి. రెండు వందల ఏళ్ళకి పట్టు కొన్నిచోట్ల రాలిపోయింది. రాలినచోట కింద గీత బయటపడింది. ఒక రాజకుమారుడి మోకాలు దాకా దారం, మోకాలి కింద గీత. గుర్రానికి సగం మెడ కుట్టు, సగం మెడ బొమ్మ. ఇద్దరు మనుషుల పని ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడిపోయిందో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. గీత ధీమాగా ఉంది. దాని మీది కుట్టు అక్కడక్కడ గీతని వదిలి వెంట్రుకవాసి పక్కకి నడిచింది. అది పొరపాటు అనుకోకండి, ఎక్కువచోట్ల ఆ పక్కనడకే బొమ్మకి ఒళ్ళు తెచ్చింది. గీసినవాడి పేరు అక్కడ లేదు, కుట్టినామె పేరూ లేదు.

పక్క గోడకి ఇంకో రకం కనిపిస్తుంది. ముతక ఖద్దరు, గులాబీ, ఊదా, పచ్చి ఆకుపచ్చ. ఏనుగు కన్నా పెద్ద నెమలి. చిత్రకారుడు గీయనివి ఇవి. ఇళ్ళల్లో ఆడవాళ్ళే గీసుకుని ఆడవాళ్ళే కుట్టుకున్నవి. పండితులు వీటిని జానపద శైలి అని వేరుగా కట్టి, చిత్రకారుడి గీత ఉన్నవాటిని ఆస్థాన శైలి అని పై అరలో పెడతారు. నాకు ఆ అరల మీద నమ్మకం తక్కువ. రాసమండలం రుమాలు ముందు నోరు తెరుచుకుని నిలబడతాం, నిజమే. కానీ ఆ నెమలి ముందు నవ్వొస్తుంది. నవ్వు తెప్పించడం గీత నేర్చిన చేతులకి అంత సులువు కాదు.

చంబా పని మధ్యలో ఒకసారి బాగా సన్నగిల్లింది. స్వాతంత్ర్యం వచ్చాక కొందరు పట్టుబట్టి నిలబెట్టారు. వాళ్ళలో ఒకరైన మహేశ్వరీదేవి 1965లో జాతీయ పురస్కారం అందుకుంది. తరవాత ఢిల్లీ క్రాఫ్ట్స్ కౌన్సిల్ మ్యూజియాల్లోని పాత రుమాళ్ళని చూసి మళ్ళీ గీయించి, మళ్ళీ కుట్టించింది. చంబా చిత్రకారుడు విజయ్ శర్మకి 2012లో పద్మశ్రీ వచ్చింది. రుమాలు కుట్టే లలితా వకీల్‌కి 2022లో వచ్చింది. గీతకీ కుట్టుకీ మధ్య పదేళ్ళ తేడా, అయినా వచ్చింది.

ఇప్పుడు కొండలు దాటి కాబూల్‌కి రండి, 1970ల కాబూల్‌కి. ఇటలీ కళాకారుడు అలిగీరో బోయెట్టి ఇక్కడ వన్ హోటల్ అని ఒక చిన్న హోటల్ నడుపుతున్నాడు. నారగుడ్డ మీద ప్రపంచ పటం గీయించి పంపుతాడు. ఏ దేశం హద్దులోపల ఆ దేశం జెండా రంగులు. కుట్టేది ఆఫ్ఘన్ ఆడవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో. పరాయి మగవాడు గడప దాటి లోపలికి రాకూడదు గనక పని చేతులు మారుతూ వెళ్తుంది, చేతులు మారుతూ తిరిగొస్తుంది. 1979లో అలా తిరిగొచ్చిన ఒక పటాన్ని విప్పుతున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారనుకోండి. ఆఫ్రికా సరిగ్గానే ఉంది, ఆసియా సరిగ్గానే ఉంది. సముద్రం మాత్రం గులాబీ రంగులో ఉంది. సముద్రం నీలంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, ఇంట్లో గులాబీ దారం ఎక్కువగా ఉంది, కుట్టేశారు. సముద్రం లేని దేశం అది.

బోయెట్టి దాన్ని విప్పించలేదు. ఆ తరవాతి పటాల్లో సముద్రం రంగు వాళ్ళ ఇష్టానికే వదిలేశాడు. అదే ఏడాది చివర్లో సోవియట్ సైన్యం కాబూల్‌లోకి దిగింది. తరవాత కుట్టు పని పాకిస్తాన్‌లోని పెషావర్ శరణార్థుల మధ్య మళ్ళీ మొదలైంది. 1994లో ఆయన పోయేదాకా సాగింది. ఇవాళ ఆ పటాలు పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి, వేలంలో కోట్లు పలుకుతాయి. గోడమీద పేరు బోయెట్టిది. గులాబీ సముద్రం కుట్టినామె ఎవరో మనకి తెలియదు. నా మట్టుకు నాకు ఆ పటాల్లో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం ఆమెదే అనిపిస్తుంది.

అక్కడినుంచి ఫ్రాన్స్‌కి, నీస్ పట్టణంలోని విల్లా ఆర్సన్ కళాశాలకి. 1980ల చివర. కైరోలో పుట్టిన ఘాదా ఆమెర్ పెయింటింగ్ తరగతిలో చేరతానని అడిగితే, అది మగ విద్యార్థులకే అన్నారు. ఆమె సూది తీసుకుంది. 1991లో 'ఐదుగురు ఆడవాళ్ళు పనిలో' అనే పని చేసింది. దాని ముందు నిలబడి లెక్కపెట్టండి. నాలుగు గుడ్డలు, నాలుగు బొమ్మలు. ఒకామె సరుకులు కొంటోంది, ఒకామె ఇల్లు శుభ్రం చేస్తోంది, ఒకామె వండుతోంది, ఒకామె బిడ్డని చూసుకుంటోంది. ఐదో ఆమె ఎక్కడ? గుడ్డ మీద లేదు. కుట్టినామె ఐదోది.

ఆమెర్ తరవాతి కాన్వాసుల దగ్గరికి రండి. దూరం నుంచి చూస్తే రంగు కారిపోయిన నైరూప్య చిత్రం, అమెరికన్ మగ చిత్రకారులు ఇరవయ్యో శతాబ్దం నడుమ రంగు చిమ్మి పేరు తెచ్చుకున్న తరహా. దగ్గరికి వెళ్ళండి. ఇంకొంచెం. కారుతున్నది రంగు కాదు, దారం కొసలు. కత్తిరించకుండా వదిలేసి, ఆక్రిలిక్ జెల్‌తో కాన్వాసుకి అంటించింది. ఆ చిక్కు వెనక గీతలు ఉన్నాయి, ఆడవాళ్ళ నగ్న దేహాలు, మగవాళ్ళ కోసం అచ్చేసే పత్రికల్లోంచి తీసుకున్నవి. చూడటానికి దగ్గరికి వెళ్తే దారం అడ్డొస్తుంది, దారం చూద్దామంటే దేహం అడ్డొస్తుంది. చంబా దీదీ వెనకవైపున కూడా కనిపించకుండా పడుకోబెట్టిన కొసల్ని ఈమె ముందుకి లాగి వేలాడదీసింది. ఆమె స్నేహితుడు రెజా ఫర్‌ఖోందే ఒకసారి ఆమె పనిచేస్తున్న కాన్వాసు మీద అడగకుండా రంగు వేసేశాడు. ఆమెకి నచ్చింది. 2000 ప్రాంతంలో అలా మొదలైన జంట పని ఏళ్ళ తరబడి నడిచింది. సంతకం ఇద్దరిదీ ఉంటుంది.

ఇక ఇంటికొద్దాం. హైదరాబాద్. మగ్గం వర్క్ షాపు వెనక గది, ట్యూబులైటు, ఫ్యాను. నాలుగు కర్రల మగ్గానికి జాకెట్టు గుడ్డకి బదులు ఇవాళ కాన్వాసు బిగించి ఉంది. తెచ్చింది ఒక యువ చిత్రకారిణి. కారిగర్ భాయ్ దాన్ని వేలితో మీటి చూసి పెదవి విరిచాడు. "మేడమ్, దీనికి తెల్లరంగు కొట్టారుగా. సూది దిగితే పగులుతుంది." నిజమే. బజారు కాన్వాసుకి పూత పూసే ఉంటుంది. ఆరి సూది కొక్కెం ఆ పూతని చీల్చుకుంటూ దిగి, కింద ఉన్న దారాన్ని పట్టుకుని పైకి లాగుతుంది. గొలుసుకుట్టు పడుతుంది గానీ చుట్టూ పెచ్చులు లేస్తాయి. విప్పితే చిల్లు మిగులుతుంది. రంగు తప్పితే గీకేయొచ్చు, మీద ఇంకో పూత వేయొచ్చు. సూది తప్పితే గుడ్డ మరిచిపోదు.

పూత లేని గుడ్డ తెచ్చారనుకోండి, అప్పుడు ఇంకో చిక్కు. నూనె రంగు వేస్తే నూనె పోగుల్లోకి పాకి, బొమ్మ చుట్టూ పసుపు మరక కడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గుడ్డ పెళుసవుతుంది. నీళ్ళు కలిపిన ఆక్రిలిక్ అయితే దారం వెంట పరుగెత్తి హద్దు దాటుతుంది. చిక్కటి ఆక్రిలిక్ దారం మీద పడితే ఆరాక దారం బిరుసెక్కి, మెరుపు చచ్చిపోతుంది. ముందు రంగా, ముందు కుట్టా? ఎక్కువమంది రంగు పలచగా వేసి ఆరనిచ్చి, ఆ మీద కుట్టి, చివరికి కావలసినచోట మాత్రమే మళ్ళీ కుంచె తాకిస్తారు. డిజైన్ ఎక్కించడం మాత్రం భాయ్‌కి వెన్నతో పెట్టిన విద్య. ట్రేసింగ్ పేపర్ మీది గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దుతాడు. కాగితం ఎత్తితే చుక్కల గీత. మొఘల్ చిత్రశాలల్లో పాత బొమ్మకి నకలు తీసింది ఇలాగే. తనది చిత్రకారుల విద్య అని ఎవరూ ఈయనకి చెప్పినట్టు లేదు.

ఈ మధ్య ప్రదర్శనల్లో కాన్వాసు మూల ఒక దారపు పువ్వు అతికించిన పనులు చాలా వస్తున్నాయి. దారం తీసేసినా బొమ్మకి ఏ లోటూ రాకపోతే ఆ దారం అక్కడ ఎందుకున్నట్టు? హైదరాబాద్‌లోనే పనిచేసే వరుణికా సరాఫ్ 'వి ద పీపుల్' వరుస చూడండి. కుంచెతో నీటిరంగులు వేసే చిత్రకారిణి ఆమె. మన గణతంత్ర చరిత్రలోని ఘటనల్ని గుడ్డ మీద కుట్టుతో చెప్పింది. లాఠీ, జెండా, గుంపు. టాకా టాకాకీ ఆగి కుట్టిన గుంపుని మనం కూడా ఒక్క చూపులో దాటేయలేం. దారం అవసరమైన చోటు అది.

గ్యాలరీలో ఇలాంటి పని కనిపించినప్పుడు పక్కన అంటించిన చీటీ చదవండి. చిత్రకారుడే కుట్టుకుంటే ఆ ఒక్క పేరే న్యాయం. కుట్టినవాళ్ళు వేరే అయి, వాళ్ళ పేరు చీటీ మీద లేకపోతే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళని అడగండి, ఎవరు కుట్టారని. మొహమాటపడకండి. నలుగురు అడిగితే తరవాతి చీటీలో రెండో పేరు పడుతుంది.